విదేశీ కోర్టు తీర్పు ఇక్కడ చెల్లుతుందా? విడాకుల నుంచి బ్యాంకు బాకీ దాకా సమగ్ర మార్గదర్శి

అమెరికా కోర్టులో విడాకులు వచ్చేశాయి కాబట్టి ఇక ఇక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. దుబాయ్‌లో బ్యాంకు లోను ఎగ్గొట్టి ఊరికొచ్చేస్తే ఇక్కడ ఎవరేం చేయగలరని అనుకునేవాళ్ళూ ఉన్నారు. రెండూ ప్రమాదకరమైన నమ్మకాలే. విదేశీ కోర్టు తీర్పు మన దేశంలో తనంతట తాను అమలు కాదు. అలాగని అది చిత్తు కాగితమూ కాదు. దానికి ఇక్కడ ఎంత బలం ఉందో తేల్చే పద్ధతి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. ముఖ్యంగా 13, 14, 44ఏ సెక్షన్లు చూడాలి. లాయరు దగ్గరికి వెళ్ళేముందు ఈ మూడూ ఏం చెబుతాయో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ముందు తెలియాల్సిన నాలుగు మాటలు

అంతర్జాతీయ చట్టం అనగానే ఐక్యరాజ్యసమితి, యుద్ధాలు, సముద్ర సరిహద్దులు గుర్తొస్తాయి. దేశాల మధ్య నడిచే ఆ చట్టాన్ని పబ్లిక్ ఇంటర్నేషనల్ లా అంటారు. మనుషుల పెళ్ళిళ్ళు, అప్పులు, ఆస్తులు రెండు దేశాల చట్టాల మధ్య ఇరుక్కున్నప్పుడు ఏ కోర్టు వినాలి, ఏ దేశపు చట్టం వర్తించాలి అని తేల్చేది ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా. దీనికి ప్రపంచమంతటికీ ఒకటే పుస్తకం లేదు. ప్రతి దేశానికీ తన సొంత నియమాలున్నాయి. మన నియమాలు మన చట్టాల్లోను, సుప్రీంకోర్టు తీర్పుల్లోను ఉంటాయి. అందుకే టెక్సస్‌లో పక్కాగా చెల్లే డిక్రీ (కోర్టు తేల్చి ఇచ్చే ఉత్తర్వు) తిరుపతిలో చెల్లకపోవచ్చు. టెక్సస్ జడ్జి తప్పు చేయనక్కరలేదు.

జ్యూరిస్‌డిక్షన్ అంటే కేసు వినే అధికారం. విదేశీ తీర్పుల గొడవల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట దగ్గరే తేలిపోతాయి.

డొమిసైల్ అంటే నివాసం ఒక్కటే కాదు. ఒక చోట స్థిరంగా ఉండిపోవాలనే ఉద్దేశం కూడా ఉండాలి. హెచ్1బీ మీద పదేళ్ళు అమెరికాలో ఉన్నంత మాత్రాన అక్కడి డొమిసైల్ వచ్చినట్టు కాదు. పౌరసత్వం వేరు, డొమిసైల్ వేరు. రెండిటినీ కలిపేసి పిటిషన్లు రాసేవాళ్ళు తర్వాత ఇబ్బంది పడతారు.

కామిటీ అంటే ఒక దేశపు కోర్టు మరో దేశపు కోర్టు మీద చూపే గౌరవం. ఆ గౌరవం సెక్షన్ 13 గీసిన హద్దుల్లోనే ఉంటుంది.

ఇక ఒప్పందాల సంగతి. భారత ప్రభుత్వం ఒక అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం చేసినంత మాత్రాన అది మన కోర్టుల్లో చట్టమైపోదు. దాన్ని అమలు చేసే చట్టం తెచ్చే అధికారం రాజ్యాంగం ఆర్టికల్ 253 కింద పార్లమెంటుకు ఉంది. చట్టం రాకపోయినా ఒప్పందం వృథా కాదు. ఉన్న చట్టానికి అర్థం చెప్పేటప్పుడు కోర్టులు దాన్ని పక్కన పెట్టుకుంటాయి. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ సరిగ్గా ఇదే చేశారు. అప్పు తీర్చలేకపోయినందుకే మనిషిని జైల్లో పెట్టకూడదని పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 11వ ఆర్టికల్ చెబుతుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 51 డిక్రీ బాకీదారుణ్ణి సివిల్ జైలుకు పంపే వీలు ఇస్తుంది. ఆయన ఈ రెండిటినీ కలిపి చదివి, కట్టే స్తోమత ఉండీ దురుద్దేశంతో ఎగ్గొడితేనే జైలు, ఒట్టి పేదరికానికి జైలు లేదు అన్నారు. గల్ఫ్ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్ళకు ఈ తీర్పు నేటికీ రక్షణ.

మొదటి అడుగు: మీ చేతిలో ఉన్నది ఏ కాగితం?

తీర్పు, డిక్రీ, మధ్యంతర ఉత్తర్వు, ఆర్బిట్రేషన్ అవార్డు (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే నిర్ణయం), సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. పైన ముద్ర, కింద సంతకం. కానీ దారులు వేరు.

తుది తీర్పు అయితే ఈ వ్యాసంలో చెప్పే దారి వర్తిస్తుంది. మధ్యంతర ఉత్తర్వును డిక్రీలా అమలు చేయించడం దాదాపు కుదరదు. ఆర్బిట్రేషన్ అవార్డు అయితే సెక్షన్ 44ఏ వర్తించదు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగం కింద హైకోర్టుకు వెళ్ళాలి. అక్కడ విదేశీ అవార్డుల అమలు కోసం దేశాలు చేసుకున్న 1958 న్యూయార్క్ కన్వెన్షన్ పనిచేస్తుంది. అయితే అవార్డు ఇచ్చిన దేశాన్ని మన కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసి ఉండాలి. అమెరికన్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకునే హైదరాబాద్ వ్యాపారులు ఆర్బిట్రేషన్ క్లాజు పెట్టుకోవడం మంచిదని చెప్పడానికి కారణం ఇదే. అమెరికా కోర్టు డిక్రీ కంటే అమెరికాలో ఇచ్చిన అవార్డు ఇక్కడ తేలిగ్గా అమలవుతుంది.

రెండో అడుగు: ఏ దేశం?

మన కేంద్ర ప్రభుత్వం కొన్ని దేశాలను రెసిప్రొకేటింగ్ టెరిటరీలుగా నోటిఫై చేసింది. అంటే మా డిక్రీలు మీరు అమలు చేయండి, మీవి మేం చేస్తాం అనే ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు. బ్రిటన్, సింగపూర్, మలేషియా, హాంకాంగ్, న్యూజిలాండ్, బంగ్లాదేశ్, ఫిజీ, పాపువా న్యూగినియా, ట్రినిడాడ్ అండ్ టొబాగో ఇందులో ఉన్నాయి. 2020 జనవరిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ చేరింది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లేవు. తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ మూడు దేశాలూ జాబితా బయటే ఉన్నాయన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

నోటిఫికేషన్‌లో దేశం పేరుతో పాటు ఏ కోర్టులు అన్నది కూడా ఉంటుంది. ఎమిరేట్స్ విషయంలో ఫెడరల్ కోర్టులు, దుబాయ్ కోర్టులు, అబూదాబి, రాస్ అల్ ఖైమా న్యాయ విభాగాలు, దుబాయ్, అబూదాబి ఆర్థిక కేంద్రాల ప్రత్యేక కోర్టులు ఉన్నాయి. మీ కాగితం మీదున్న కోర్టు పేరు ఆ జాబితాలో ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

జాబితాలో ఉంటే సెక్షన్ 44ఏ కింద నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే మన కోర్టుల వాడుకలో ఈపీ, వేయొచ్చు. లేకపోతే ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేసి, మన కోర్టు డిక్రీ తెచ్చుకుని, దాన్ని అమలు చేయించుకోవాలి.

44ఏలో మరో పరిమితి ఉంది. అది డబ్బు డిక్రీలకే వర్తిస్తుంది. పన్నులు, జరిమానాలు, పెనాల్టీలు దాని కిందికి రావు. దుబాయ్‌లో చెక్కు బౌన్సయి క్రిమినల్ కోర్టు వేసిన జరిమానాను ఇక్కడ ఈపీ వేసి వసూలు చేయలేరు. అదే బాకీ మీద సివిల్ కోర్టు ఇచ్చిన డిక్రీని వసూలు చేయొచ్చు. కేసు ఖర్చుల కింద కట్టమన్న మొత్తం కూడా డబ్బు డిక్రీయే అని 2016లో ఆల్కాన్ ఎలక్ట్రానిక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లండ్ కోర్టు వేసిన ఖర్చులను నాసిక్‌లోని కంపెనీ నుంచి వసూలు చేసే గొడవ అది.

మూడో అడుగు: సెక్షన్ 13 జల్లెడ

ఏ దారిన వచ్చినా ఈ జల్లెడ తప్పదు. ఆరు లోపాల్లో ఏ ఒక్కటున్నా తీర్పు ఇక్కడ నిలవదు.

జ్యూరిస్‌డిక్షన్ లేని కోర్టు ఇచ్చిన తీర్పు మొదటిది. పరాయి దేశస్థుడు ఆ దేశంలో లేనప్పుడు, ఆ కోర్టుకు ఒప్పుకోనప్పుడు అతని మీద ఇచ్చిన డబ్బు డిక్రీ బయట చెల్లదని 1894లోనే ఫరీద్‌కోట్ రాజా కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పింది. ఇవాళ్టికీ ప్రశ్నలు అవే. కేసు వేసేనాటికి ప్రతివాది అక్కడ ఉన్నాడా? స్వయంగా హాజరై, అభ్యంతరం చెప్పకుండా వాదించాడా? ఆ కోర్టుకే కట్టుబడతానని ముందే ఒప్పందంలో రాశాడా? గల్ఫ్ బ్యాంకు లోన్లలో మూడోదే మెలిక. బాకీదారు ఇంటికొచ్చేశాక కేసు వేసినా, లోను కాగితాల్లో అక్కడి కోర్టులకు లోబడతానన్న క్లాజు ఉంటే ఈ అభ్యంతరం బలహీనపడుతుంది. ఆ సంతకాల కట్ట మొత్తం చదివాకే వాదన ఎంచుకోండి.

రెండోది, కేసు పూర్వాపరాల్లోకి వెళ్ళకుండా ఇచ్చిన తీర్పు. ప్రతివాది రాలేదు కాబట్టి వాది అడిగినంతా ఇచ్చేస్తున్నాం అనే ఎక్స్‌పార్టీ డిక్రీలు ఇక్కడే పడిపోతాయి. 2001లో ఇంటర్నేషనల్ వూలెన్ మిల్స్ కేసులో లండన్ కౌంటీ కోర్టు డిక్రీకి ఈ గతే పట్టింది. అయితే ఎక్స్‌పార్టీ అయిన ప్రతిదీ చెల్లదనుకోవద్దు. వాది సాక్ష్యం పెట్టి, కోర్టు దాన్ని పరిశీలించి రాసి ఉంటే నిలుస్తుంది. తీర్పులో ఎగ్జిబిట్ల (సాక్ష్యంగా పెట్టిన కాగితాల) ప్రస్తావన, సాక్షి వాంగ్మూలం, కారణాలు ఉన్నాయేమో చూడండి. రెండే పేరాల్లో ముగిస్తే అనుమానించాల్సిందే.

మూడోది, అంతర్జాతీయ చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం, లేదా మన చట్టం వర్తించాల్సిన చోట దాన్ని పట్టించుకోకపోవడం. విడాకుల డిక్రీలు ఎక్కువగా తగులుకునేది ఇక్కడే. నాలుగోది సహజ న్యాయసూత్రాలకు విరుద్ధంగా జరగడం, అంటే నోటీసు సరిగ్గా అందకపోవడం, వాదించే అవకాశం ఇవ్వకపోవడం. ఐదోది మోసం. 1974లో సత్య కేసులో భర్త అమెరికాలో ఒక రాష్ట్రంలో ఉంటూ, ఆరు వారాల నివాసం చాలన్న నెవాడాకు వెళ్ళి అక్కడివాడినేనని చెప్పి విడాకులు తెచ్చుకున్నాడు. సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. ఆరోది, మన దేశపు చట్టాన్ని ఉల్లంఘించే హక్కు మీద నిలబడ్డ తీర్పు.

విడాకుల డిక్రీ: ఎక్కువ శ్రద్ధ కావాల్సిన చోటు

ఈ విషయంలో దేశమంతటికీ దారి చూపింది ఒక తెలుగు కేసు. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి, 1991 జులైలో సుప్రీంకోర్టు తీర్పు. 1975లో తిరుపతిలో హిందూ పద్ధతిలో పెళ్ళి జరిగింది. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యాత్వం కేసు పెట్టింది. కింది కోర్టు ఆ డిక్రీ నకలు చూసి నిందితులను వదిలేసింది. హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రెండు కారణాలను విడివిడిగా గమనించండి. ఒకటి, కోర్టులో పెట్టింది ఒట్టి ఫొటోస్టాట్ కాపీ. చట్టం అడిగే ధ్రువీకరణ దానిమీద లేదు. రెండు, డిక్రీ ఇచ్చిన కోర్టు జ్యూరిస్‌డిక్షన్, అందులో ఉన్న కారణం, రెండూ హిందూ వివాహ చట్టానికి సరిపోలలేదు. ఆ కోర్టు నమ్ముకున్నది 90 రోజుల నివాసం. చెప్పిన కారణం బంధం బాగుచేయలేనంతగా తెగిపోయిందన్నది.

ఆ కారణం హిందూ వివాహ చట్టం సెక్షన్ 13లో ఇప్పటికీ లేదు. క్రూరత్వం, రెండేళ్ళు విడిచిపెట్టి పోవడం, వ్యభిచారం వంటివే ఉన్నాయి. బంధం తెగిపోయిందన్న కారణంతో విడాకులు ఇవ్వగలిగేది రాజ్యాంగం ఆర్టికల్ 142 కింద సుప్రీంకోర్టు ఒక్కటే. ఆ సంగతి 2023లో శిల్పా శైలేష్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అమెరికాలో తేలిగ్గా దొరికే, ఎవరి తప్పూ చూపనక్కరలేని నో-ఫాల్ట్ విడాకులు ఇక్కడ చిక్కుల్లో పడేది అందుకే.

నరసింహారావు కేసులో కోర్టు పెట్టిన నియమం ఇది. దంపతులు ఏ చట్టం కింద పెళ్ళి చేసుకున్నారో ఆ చట్టం గుర్తించే కోర్టే, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు ఇవ్వాలి. దీనికి మూడు మినహాయింపులు. మీ డిక్రీని ఈ మూడింటితో ఒక్కొక్కటిగా పోల్చి చూడండి.

ఒకటి: ప్రతివాది డొమిసైల్ లేదా స్థిర నివాసం ఆ దేశంలోనే ఉండాలి, మంజూరైన కారణం మన చట్టంలోనూ ఉండాలి. భార్యాభర్తలిద్దరూ న్యూజెర్సీలో స్థిరపడి ఉండగా క్రూరత్వం మీద వచ్చిన డిక్రీ ఇందులోకి వస్తుంది.

రెండు: ప్రతివాది ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీద నిజంగా పోరాడి ఉండాలి. జ్యూరిస్‌డిక్షన్ లేదని ఒక లేఖ పంపినంత మాత్రాన లోబడినట్టు కాదు.

మూడు: ప్రతివాది విడాకులకు ఒప్పుకుని ఉండాలి. ఉమ్మడి అంగీకారంతో తెచ్చుకున్న డిక్రీలు ఎక్కువగా ఈ తలుపు గుండానే లోపలికి వస్తాయి. ఆ అంగీకారం డిక్రీలోనే, లేదా దానికి జతచేసిన సంతకాల కాగితంలో స్పష్టంగా కనబడాలి. ఇద్దరూ సంతకం చేసిన సెటిల్‌మెంట్ అగ్రిమెంట్‌ను డిక్రీతో కలిపి సర్టిఫైడ్ కాపీగా తీసుకోవడం మర్చిపోకండి. డిక్రీ ఒక్కటే తెచ్చుకుని అగ్రిమెంట్ వదిలేసి వచ్చినవాళ్ళు, పదేళ్ళ తర్వాత ఆ కోర్టు రికార్డు గది చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మూడింట్లో ఏదీ సరిపోకపోతే రెండో పెళ్ళి మాట ఎత్తొద్దు. హిందూ వివాహ చట్టం ప్రకారం మొదటి పెళ్ళి బతికే ఉంటుంది, రెండోది చెల్లదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ద్విభార్యాత్వానికి ఏడేళ్ళ వరకు శిక్ష. మొదటి పెళ్ళి సంగతి దాచి చేసుకుంటే పదేళ్ళ వరకు. నష్టపోయేది భార్యాభర్తలే కాదు, ఏమీ తెలియకుండా ఆ పెళ్ళికి ఒప్పుకున్న అమ్మాయి కూడా. సంబంధం చూసేటప్పుడు విదేశంలో విడాకులయ్యాయి అంటే డిక్రీ చదవకుండా ముహూర్తం పెట్టుకోవద్దు.

డిక్రీ బలహీనంగా ఉంటే శుభ్రమైన దారులు రెండున్నాయి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984, సెక్షన్ 7 కింద మన వైవాహిక స్థితిని ప్రకటించమని కోరుతూ ఓపీ, అంటే ఒరిజినల్ పిటిషన్, వేయొచ్చు. ఎదుటివాళ్ళూ ఒప్పుకుంటే ఇంకా సులువు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఉమ్మడి విడాకుల పిటిషన్ ఇక్కడే కొత్తగా వేసుకోండి. ఏడాదికి పైగా విడిగా ఉన్నారన్నది ఎలాగూ రుజువవుతుంది. తగిన కేసుల్లో, పిటిషన్ వేశాక వేచి ఉండాల్సిన ఆర్నెల్ల గడువును కోర్టు రద్దు చేయొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కడ వేయాలన్నది అదే చట్టం సెక్షన్ 19 చెబుతుంది. పెళ్ళి జరిగిన ఊరు, చివరగా కలిసి కాపురం ఉన్న ఊరు, ప్రతివాది ఉన్న ఊరు, భార్య వేస్తే ఆమె ఉంటున్న ఊరు.

కాగితాల సేకరణ

ఫొటోస్టాట్ మీద కేసు నడపలేమన్నది పైన చూశాం. కావాల్సినవి ఇవి. తీర్పు, డిక్రీ రెండిటి సర్టిఫైడ్ కాపీలు. పిటిషన్, ప్రతివాది జవాబు, సమన్లు అందినట్టు రుజువు, ఇవన్నీ కూడా సర్టిఫైడ్‌గా ఉండాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 13 అభ్యంతరాలకు సమాధానం ఎక్కువగా ఈ రెండో కట్టలోనే దొరుకుతుంది.

అమెరికాలో ముందు కోర్టు క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర, వేయించాలి. కొన్ని రాష్ట్రాల్లో మధ్యలో కౌంటీ క్లర్క్ ధ్రువీకరణ కూడా అడుగుతారు. 1961 హేగ్ అపోస్టిల్ కన్వెన్షన్ మనకు 2005 జులై నుంచి, కెనడాకు 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. దుబాయ్ కాగితాలకు ఈ పద్ధతి లేదు. అక్కడి విదేశాంగ శాఖ ధ్రువీకరణ, తర్వాత భారత ఎంబసీ లేదా కాన్సులేట్ అటెస్టేషన్ చేయించాలి. అరబిక్ తీర్పుకు అధికారిక ఇంగ్లిష్ అనువాదం, దాని మీద కూడా ముద్రలు ఉండాలి. అనువాదానికి మాత్రమే ముద్ర వేయించి మూలాన్ని వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

సర్టిఫైడ్ కాపీ పెడితే, ఆ తీర్పు సరైన కోర్టే ఇచ్చిందని సెక్షన్ 14 ప్రకారం కోర్టు ఊహించుకుంటుంది. కాదని రుజువు చేసే బరువు అప్పుడు ఎదుటివాళ్ళ మీద పడుతుంది. మంచి కాపీకి అంత విలువుంది.

44ఏ దారిలో వెళ్తే మరో కాగితం తప్పనిసరి. డిక్రీలో ఇప్పటికే ఎంత వసూలైంది, ఎంత మిగిలింది అని ఆ విదేశీ కోర్టు ఇచ్చే సర్టిఫికెట్. ఇది లేకుండా ఈపీ వేస్తే ఆఫీసు అభ్యంతరంతో తిరిగొస్తుంది.

ఎక్కడ వేయాలి, ఎలా నడుస్తుంది

44ఏ ఈపీ జిల్లా కోర్టులోనే వేయాలి, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో కాదు. బాకీదారు ఆస్తి లేదా నివాసం ఉన్న జిల్లా చూసుకోవాలి. హైదరాబాద్‌లో అయితే సిటీ సివిల్ కోర్టు. ఈపీ వేయగానే జప్తు రాదు. విదేశీ డిక్రీ కాబట్టి ఆర్డర్ 21 రూల్ 22 కింద ముందు బాకీదారుకు నోటీసు వెళ్తుంది. ఆ నోటీసుకు జవాబిస్తూ అతను సెక్షన్ 13 అభ్యంతరాలన్నీ లేవనెత్తొచ్చు. వాటిమీద విచారణ అయ్యాకే జప్తు, అమ్మకం వంటివి మొదలవుతాయి.

జీతం జప్తు చేసినా మొత్తం తీసుకోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం మామూలు అప్పు డిక్రీలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. భరణం డిక్రీ అయితే ఆ రక్షణ మూడో వంతుకు పడిపోతుంది. రైతు ఉంటున్న ఇల్లు, దున్నే ఎద్దులు, పనిముట్లకూ అదే సెక్షన్‌లో రక్షణ ఉంది.

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా డిక్రీ మీద వేసే దావాకు మామూలు ఓఎస్ (ఒరిజినల్ సూట్) లాగే దావా విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఈపీకి ఆ భారం లేదు. ఆ దావాలో అసలు గొడవను మొదటినుంచి రుజువు చేయనక్కరలేదు, తీర్పే ఆధారం. అయినా జ్యూరిస్‌డిక్షన్ బలహీనంగా ఉందనిపిస్తే తీర్పుతో పాటు అసలు బాకీని కూడా ప్రత్యామ్నాయ కారణంగా దావాలో పెట్టుకోవడం తెలివైన పని.

గడువుల విషయంలో ఏమరుపాటు వద్దు. ఆ దావాకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 101 కింద తీర్పు తేదీ నుంచి మూడేళ్ళు. 44ఏ ఈపీకి మన 12 ఏళ్ళ గడువు వర్తిస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2020లో బ్యాంక్ ఆఫ్ బరోడా వర్సెస్ కోటక్ మహీంద్రా కేసులో సుప్రీంకోర్టు కాదంది. డిక్రీ ఇచ్చిన దేశంలో అమలు గడువెంతో ఇక్కడా అంతే, ఇంగ్లండ్‌కు ఆరేళ్ళు. ఆ కేసులో 1995 డిక్రీ మీద 2009లో ఈపీ వేశారు. అది నిలవలేదు.

విదేశం నుంచి సమన్లు వస్తే

ఇక్కడున్న భార్యకో, తిరిగొచ్చేసిన భర్తకో అమెరికా కోర్టు సమన్లు వస్తే పడేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ డిక్రీ ఇక్కడ నిలవకపోయినా అక్కడ నిలుస్తుంది. అక్కడి బ్యాంకు ఖాతా, ఇల్లు, పిల్లల కస్టడీ దానితోనే తేలిపోతాయి.

మొదట అది ఎలా అందిందో రాసిపెట్టుకోండి. తేదీ, కవరు, ఎవరు తెచ్చారు. 1965 హేగ్ సర్వీస్ కన్వెన్షన్‌లో మన దేశం ఉంది. విదేశీ సమన్లు ఢిల్లీలోని కేంద్ర న్యాయశాఖ ద్వారా, ఇక్కడి కోర్టు ప్రాసెస్ సర్వర్ చేతుల మీదుగా రావాలి. నేరుగా పోస్టులో పంపే పద్ధతికి మన దేశం అభ్యంతరం నమోదు చేసింది. కాబట్టి కొరియర్‌లో వచ్చిన సమన్ల మీద నోటీసు సరిగ్గా అందలేదన్న వాదన చేతిలో ఉంటుంది. కానీ ఆ వాదనను ఆ కోర్టులోనే, సమన్ల మీద రాసిన గడువులోపే పెట్టాలి.

మొదటి జవాబులోనే జ్యూరిస్‌డిక్షన్ అభ్యంతరం రాయించండి. అక్కడి లాయరుకు స్పష్టంగా చెప్పండి: జ్యూరిస్‌డిక్షన్‌ను సవాలు చేయడానికే హాజరవుతున్నాం, అసలు కేసులోకి వెళ్ళడం లేదు. ఈ అభ్యంతరం మరిచిపోయి భరణం ఎంత ఇస్తారని బేరమాడటం మొదలుపెడితే, ఆ కోర్టుకు లోబడ్డారన్న వాదనకు మీరే దారి ఇచ్చినట్టు. వీలైతే అదే సమయంలో ఇక్కడ ఫ్యామిలీ కోర్టులో మీ కేసు కూడా వేసుకోండి. విదేశంలో కేసు నడపకుండా ఎదుటి పక్షాన్ని ఆపే యాంటీ-సూట్ ఇంజంక్షన్ మన కోర్టులు ఇవ్వగలవు. ఎప్పుడివ్వాలో 2003లో మోదీ ఎంటర్‌టైన్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు రాసిపెట్టింది. అరుదుగా ఇస్తారు, ఆలస్యం చేస్తే అసలివ్వరు.

పిల్లలు, ఇల్లు

పిల్లల విషయంలో లెక్క వేరు. పిల్లల్ని ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకెళ్ళిపోతే వెనక్కి పంపించే 1980 హేగ్ కన్వెన్షన్‌లో భారతదేశం చేరలేదు. కాబట్టి అమెరికా కస్టడీ ఆర్డరు ఉందని ఇక్కడ పోలీసులు పిల్లను తెచ్చి అప్పగించరు. హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే పిల్లను కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్, వేయాలి, లేదా పిల్లలు మామూలుగా ఉండే చోట గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కేసు వేయాలి. 2017లో నిత్యా ఆనంద్ రాఘవన్ కేసు ప్రకారం పిల్లల మేలే అన్నిటికంటే ముందు. విదేశీ ఆర్డరు లెక్కలోకి తీసుకునే విషయాల్లో ఒకటి, అంతే. అలాగని నిర్లక్ష్యంగా ఉండొద్దు. అక్కడి ఆర్డరును ధిక్కరించి పిల్లను తెచ్చుకున్నవాళ్ళు మళ్ళీ అమెరికా వెళ్తే అక్కడ కిడ్నాప్ కేసు ఎదుర్కోవచ్చు. పిల్లను వెనక్కి పంపమని మన కోర్టులే ఆదేశించిన కేసులూ ఉన్నాయి. ఆలస్యమైనకొద్దీ పిల్లలు ఇక్కడి బడికి, భాషకు అలవాటుపడతారు. కోర్టు అదీ చూస్తుంది కాబట్టి పిల్లకు దూరమైన తల్లో తండ్రో వారాల్లోనే కదలాలి.

ఇక స్థిరాస్తి. కొండాపూర్‌లోని ఫ్లాటు ఎవరిదో తేల్చే అధికారం కాలిఫోర్నియా కోర్టుకు లేదు. భూమి ఎక్కడుంటే అక్కడి కోర్టుదే ఆ మాట. అయితే ఫ్లాటు భార్య పేరు మీద రాయమని ఆ కోర్టు భర్తను వ్యక్తిగతంగా ఆదేశించగలదు. రాయకపోతే అక్కడ శిక్షించగలదు. కానీ ఆ డిక్రీ పట్టుకుని ఇక్కడ సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తే పేరు మారదు. గిఫ్ట్ డీడో, సెటిల్‌మెంట్ డీడో రాసి రిజిస్టర్ చేయించుకోవాల్సిందే. విదేశంలో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే, ఇన్ని రోజుల్లోగా ఇక్కడ డీడు రిజిస్టర్ చేయాలి అని క్లాజు రాయించుకోండి.

డీడు కోసం రాలేనివాళ్ళు పవర్ ఆఫ్ అటార్నీ పంపుతారు. కాన్సులేట్‌లో సంతకం చేయొచ్చు, లేదా నోటరీ, అపోస్టిల్ వేయించొచ్చు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. మన రాష్ట్రాల్లో ఈ పని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటారు. అది వచ్చిన కవరును పారేయకండి, ఏ తేదీన చేరిందో చూపించడానికి అదే రుజువు.